ఐదు సెకన్ల ఆయుష్షు

హఫీజ్‌పేట్‌లో ఇప్పుడు వీణ నేర్పే ఫ్లాటు పక్కనే రైఫిలు నేర్పే హాలు కూడా వచ్చేసింది. పది మీటర్లకి కాస్త మించి పొడవున్న గది దొరికితే చాలు, ఏసీ పెట్టి, ఎలక్ట్రానిక్ టార్గెట్లు తగిలించి ఎయిర్ రైఫిల్ కోచింగ్ మొదలుపెట్టేస్తున్నారు. తప్పంటానా? అనను. గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్ నుంచి ఎయిర్ రైఫిల్లో కాంస్యం తెచ్చింది ఈ ఊరికే. 2002 జాతీయ క్రీడల కోసం సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో కట్టిన రేంజి మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరమే. నాకు ఒళ్లు మండేదల్లా ఒక్క ప్రశ్నకి. మా అపార్ట్‌మెంట్‌లో ఐదో ఫ్లోర్ సాఫ్ట్‌వేర్ అబ్బాయి కూతురికి పాత ఎయిర్ రైఫిల్ కొనబోతూ నన్ను లిఫ్ట్ దగ్గర ఆపాడు. "అంకుల్, అది 2016 మోడలంట. బ్యారల్ అయిపోయి ఉంటదా?"

మోడలేంది, సంవత్సరమేంది? వీళ్లకి ప్రతిదానికీ ఒక ఎక్స్‌పైరీ డేటు కావాలి. నేను స్పెషల్ పోలీస్‌లో ఆర్మరర్‌గా రిటైరైనవాణ్ణి. తుపాకి గొట్టాల లోపలికి కన్ను పెట్టి చూడటమే నా ఉద్యోగం. బ్యారల్ వయసుని ఏళ్లతో లెక్కపెట్టరు. ఎన్ని రౌండ్లు పోయాయి, ఏ మందుతో పోయాయి, ఎంత తొందరగా పోయాయి, ఇదీ లెక్క. ఎయిర్ రైఫిల్లో అసలు మందే లేదాయె. గాలి తోస్తుంది, నాలుగున్నర మిల్లీమీటర్ల మెత్తటి సీసపు గుళిక సెకనుకి నూట డెబ్బై మీటర్ల చొప్పున పోతుంది. నిప్పు లేదు, సెగ లేదు. ఆ పాప పెద్దదై, పెళ్లి చేసుకుని, తన బిడ్డకి అదే రైఫిలు ఇచ్చినా గొట్టం గొట్టంలాగే ఉంటుంది. పాడయ్యేవి లోపలి సీళ్లు. గాలి సిలిండర్ మీద మాత్రం నిజంగానే ఒక తేదీ కొట్టి ఉంటుంది, అది చూసుకోమన్నాను. అంతా విని, "అయితే బ్యారల్ ఒకసారి చెక్ చేయించాలంటారా?" అన్నాడు. లిఫ్ట్ వచ్చింది, ఎక్కేశాను.

మా రోజుల్లో రైఫిల్ అంటే త్రీనాట్‌త్రీ. బెల్ ఆఫ్ ఆర్మ్స్, అంటే ఆయుధాల గది, తలుపు తీస్తే కొయ్య ర్యాకుల్లో వరసగా నిలబడి ఉండేవి. గది నిండా అవిసె నూనె వాసన. కొన్నిటి మీద తెల్లదొరల కిరీటం, కొన్నిటి మీద మన నాలుగు సింహాలు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో నేను పుట్టకముందు తయారైనవి కూడా నా చేతుల మీదుగా నడిచాయి. మామూలు కార్బన్ ఉక్కు గొట్టం. క్రోమ్ పూత లేదు, స్టెయిన్‌లెస్ లేదు. లోపల ఎడమ చేతి వైపు మెలి తిరిగే ఐదు గాళ్లు, వాటి మధ్య ఐదు గట్లు. ఆ గట్లు తూటాని ఒరుసుకుని గిరగిరా తిప్పుతాయి కాబట్టే అది నేరుగా పోతుంది. గట్టు అరిగిందా, గురి పోయినట్టే.

అసలు ఆ గొట్టాలకి యముడు ఉప్పు. పాత తూటాల టోపీలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలగానే పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టం లోపల కంటికి కనపడని పొరగా అంటుకుంటుంది. మన వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలో తేమని లాక్కుంటుంది. జులై ముసురులో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి లోపల జంగు. నూనె పూసి మురిసిపోతే లాభం లేదు, ఉప్పు నూనెలో కరగదు. నీళ్లే కావాలి.

అందుకని ఫైరింగ్ రోజు రేంజి పక్కనే మూడు రాళ్ల పొయ్యి వెలిగేది. పెద్ద దేగిశాలో నీళ్లు కళపెళా మరగాలి. బోల్టు ఊడదీసి, చాంబర్లో వంకర మూతి గరాటు పెట్టి, రైఫిలు మూతిని నేలకి వంచి, మరిగే నీళ్లు పోస్తే మొదట నల్లగా, తర్వాత బూడిద రంగులో, ఆఖరికి తేటగా కారేవి. తేట నీళ్లు వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. గొట్టం చేతికి కాలేంత వేడెక్కుతుంది, ఆ వేడికే లోపలి తడి తనంతట తనే ఆరిపోతుంది. అప్పుడు పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ తగిలించి ఒక్క ఊపున లాగాలి, మధ్యలో ఆగకూడదు. మొదటి గుడ్డ మసి, రెండోది మరక, నాలుగైదు గుడ్డలకి తెలుపు. ఆ తర్వాతే నూనె గుడ్డ. నీళ్లు చల్లారినా ఫర్వాలేదులే అని కానిచ్చేసినవాడి రైఫిలు మూడో రోజుకల్లా వాడి పేరు చెప్పేది.

తర్వాత తనిఖీ. "జాంచ్ శస్త్ర్" అన్న కాషన్ వినపడగానే బోల్టు వెనక్కి లాగి, ఖాళీ చాంబర్ దగ్గర బొటనవేలి గోరు పెట్టి నిలబడాలి. ఆఫీసరు మూతి వైపు నుంచి కన్ను పెడతాడు. గోటి మీద పడ్డ వెలుగు లోపలికి దూరి గాళ్లన్నీ మెలికలు మెలికలుగా మెరుస్తాయి. ఆ మెరుపులో ఎక్కడ మచ్చ ఉందో, ఎక్కడ గట్టు అంచు మొద్దుబారిందో చెప్పగలిగితేనే ఆర్మరర్. ఇప్పుడు ఫోనుకి తగిలించే బోర్‌స్కోప్ వచ్చింది. సన్నటి వైరు చివర కెమెరా, దీపం. లోపలున్నదంతా ఇంటి టీవీలో చూపిస్తుంది. చూసి, "అంకుల్, ఏదో గీతల్లాగా ఉన్నయ్, మంచిదేనా?" అని కుర్రాళ్లు నాకే వాట్సాప్ చేస్తారు.

ఇక్కడ మా రోజుల్ని కూడా కాస్త తిట్టాలి. రాష్ట్రాల పోలీసుల్లో త్రీనాట్‌త్రీ గొట్టాలు కాల్చి అరిగినవి తక్కువ. కానిస్టేబుల్‌కి ఏడాదికి దొరికే రౌండ్లెన్ని? యాభై అనుకుందాం. ఐదు వేల రౌండ్లు పోవాలంటే నూరేళ్లు పడుతుంది. కానీ శుభ్రం చేయడం రోజూ, ఫైరింగ్ ఉన్నా లేకున్నా. పుల్‌త్రూ తాడుని తిన్నగా లాగకుండా పక్కకి వంచి లాగితే అది మూతి అంచుని ఒరుసుకుంటుంది. తాడుకి ఇసక అంటుకుని ఉంటే ఆకురాయే. ఏళ్ల తరబడి అలా లాగీ లాగీ గుండ్రటి మూతి ఒక పక్కకి కోసుకుపోతుంది. తూటా బయటికి వచ్చే ఆఖరి క్షణంలో గ్యాసు ఆ పక్కనుంచి ముందు తప్పించుకుని దాన్ని పక్కకి నెట్టేస్తుంది. దొరల కాలం నుంచీ ఆర్మరర్లకి తెలిసిన జబ్బే ఇది. అద్దంలా మెరిసే గొట్టం, గురికి మాత్రం పనికిరాదు. తనిఖీలో దానికే శభాష్ దొరికేది, అదీ విచిత్రం.

ఇక వేడి సంగతి. ఇది దొరలకి ఆలస్యంగా తెలిసొచ్చింది. 1888లో వాళ్లు లీ-మెట్‌ఫర్డ్ రైఫిలు తెచ్చారు. దాని గాళ్లు లోతు లేనివి, అంచులు గుండ్రటివి. నల్ల తుపాకిమందు రోజులకి అవి బాగానే పనికొచ్చాయి, మసి పట్టదు, తుడవడం తేలిక. అంతలో పొగ రాని మందు కార్డైట్ వచ్చింది. అందులో నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిసరిన్, 37 పాళ్లు గన్‌కాటన్, మిగతా 5 వాసలీన్. బలమైన మందు, బాగా వేడి మందు. మెట్‌ఫర్డ్ గారి గుండ్రటి గట్లని నాకేసింది. దాంతో 1895లో లోతైన, చదరపు అంచుల ఎన్‌ఫీల్డ్ గాళ్లు పెట్టి లీ-ఎన్‌ఫీల్డ్ చేశారు. అదే మన త్రీనాట్‌త్రీకి తాత. ఆ తర్వాత బుద్ధొచ్చి, మందునే చల్లబరిచారు. కొత్త రకం కార్డైట్‌లో నైట్రోగ్లిసరిన్ 30 పాళ్లకి దించి, గన్‌కాటన్ 65కి పెంచారు. ఉక్కు మార్చలేదు, మందు మార్చారు, గొట్టాలు ఎక్కువ కాలం బతికాయి. ఈ సంగతి ఇప్పటి కుర్రాళ్లకి చెబితే "ఓకే అంకుల్" అంటారు. ఆ "ఓకే"కి అర్థం నాకు తెలుసు.

గొట్టం లోపల జరిగేది ఇది. మందు అంటుకోగానే 2500 డిగ్రీల పైమాటే వేడి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి మూడు వేల రెట్లకి మించిన ఒత్తిడి. ఉక్కు కరిగేది 1500 డిగ్రీల దగ్గర. మరి ఎందుకు కరిగిపోదు అంటే, అంత సమయం దానికి దొరకదు. తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే ఇంకాస్త. లోపలి ఉపరితలం మటుకు వెంట్రుక మందం లోతున ఒక్కసారిగా భగ్గుమంటుంది, వెనకున్న ఉక్కంతా చల్లగానే ఉంటుంది. పైపొర ఉబ్బుదామంటే వెనకది ఒప్పుకోదు. ఆ పెనుగులాటలో సన్నటి పగుళ్లు పుడతాయి. దానికి తోడు మండిన గ్యాసులోని కార్బన్ ఉక్కులోకి ఇంకి పైపొరని పెళుసు చేస్తుంది. తర్వాతి తూటా ఆ పెళ్లల్ని ఊడ్చుకుపోతుంది, ఖాళీల్లో మళ్లీ వేడి గ్యాసు దూరుతుంది. ఎక్కువ దెబ్బ తినేది గాళ్లు మొదలయ్యే చోటు, బ్యారల్ గొంతు. అక్కడ బోర్‌స్కోప్ పెట్టి చూస్తే ఏప్రిల్ చివర ఎండిన మన చెరువు అడుగు కనిపిస్తుంది, పలకలు పలకలుగా. ఆ గీతలే ఆ అబ్బాయిలు నాకు పంపేవి. గీతలు ఉన్నంత మాత్రాన గొట్టం పోయినట్టు కాదు. గట్లు వెనక్కి తగ్గి తూటా పట్టు చిక్కించుకునేలోపే అంత దూరం ఊరికే దూకాల్సి వస్తే, అప్పుడు పోయినట్టు. మా దగ్గర దానికి గేజు ప్లగ్గులుండేవి. ఏ కొలత ప్లగ్గు ఎంత లోతు దిగిందన్నదే తీర్పు, మెరుపు కాదు.

ఒక చిన్న లెక్క చెప్తాను. ఒక్కో తూటాకి సెకనులో వెయ్యో వంతు. మంచి గురితో ఐదు వేల రౌండ్లు కాల్చే గొట్టం తన జీవితం మొత్తంలో నిజంగా పనిచేసేది ఐదు సెకన్లు. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో అరవై ఏళ్లు నిలబడ్డ రైఫిలుది కూడా అంతే. అందుకే మోడల్ ఏ సంవత్సరం అని అడిగితే నాకు మండుతుంది.

ఆ ఐదు సెకన్లని ఎలా పంచి ఖర్చుపెట్టావన్నదే అసలు సంగతి. ఇక్కడ మాత్రం మా రోజులదే పైచేయి. గ్రూపింగ్‌కి ఐదు రౌండ్లు, ఆపి చూపు, దిద్దుకో, మళ్లీ ఐదు. వరసలో తర్వాతివాడు పడుకునేసరికి రైఫిలు చల్లబడుతుంది. క్రమశిక్షణ అనుకోకండి, తూటాలకి కరువు. ఖాళీ కేసు ఒక్కటి లెక్క తగ్గితే ప్లటూన్ ప్లటూనంతా గడ్డిలో మోకాళ్ల మీద పాకి వెతికేది. కారణమేదైనా గొట్టానికి ఊపిరి దొరికేది. వేడిగా ఉన్న ఉక్కు మెత్తబడుతుంది, దాని మీద వచ్చే తర్వాతి సెగ ఇంకా లోతుకి కోస్తుంది. ఒకే రెండు వందల తూటాలు, తీరిగ్గా పోతే గొట్టానికి తెలియను కూడా తెలియదు, గబగబా పోతే గొంతు చిట్లుతుంది.

ఎల్ఎంజీ, అంటే లైట్ మెషీన్‌గన్ సంగతే చూడండి. మా దగ్గరవి పాత బ్రెన్ గన్లు. ఒక్కో గన్నుకి స్పేర్ బ్యారల్ ఉండేది. పైన ఉన్న పిడి పట్టుకుని, లాచ్ ఎత్తి, వేడి గొట్టం తీసి, చల్లటిది పెట్టడం సెకన్లలో పని. మరీ అరిగాక మార్చడానికి కాదు, అలవకముందే మార్చడానికి. ఇంకా ముందు కాలంలో వికర్స్ మెషీన్‌గన్‌కి గొట్టం చుట్టూ నీళ్ల తొడుగే ఉండేది, నాలుగు లీటర్లకి పైగా పట్టేది. అంత నీళ్లలో మునిగి ఉన్నా పది వేల రౌండ్లకోసారి గొట్టం మార్చేవాళ్లు. కాల్చడం మొదలుపెట్టకముందే గొట్టం చావు గురించి ఆలోచించిన మనుషులు వాళ్లు.

కొత్త ఉక్కు గొప్పది కాదని నేననను. ఏకే వచ్చినప్పుడు మా పాతవాళ్లందరం పెదవి విరిచాం. గొట్టం లోపల క్రోమ్ పూత. క్రోమియం కరగడానికి 1900 డిగ్రీలు దాటాలి, ఉప్పుకి లొంగదు, తుప్పు పట్టదు. శుభ్రం చేయడంలో బద్ధకించినవాణ్ణి కూడా కాపాడేస్తుంది. ఇన్సాస్‌కీ అదే పూత. మా మరిగే నీళ్ల కాలం దాంతోనే ముగిసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో త్రీనాట్‌త్రీకి లాంఛనంగా సెలవిచ్చారు. క్రోమ్ పూతకీ ఒక లోపముంది. గట్టిది కానీ పెళుసు. సన్నటి పగులు ఒకటి పడిందంటే వేడి గ్యాసు దాని కిందికి దూరి ఉక్కుని తింటుంది, పైన పూత పెళ్లలుగా ఊడొస్తుంది. పూత అంతటా ఒకే మందంలో పడటం కూడా కష్టం. అందుకే పోటీల్లో కాల్చేవాళ్లు క్రోమ్ వద్దని స్టెయిన్‌లెస్ తీసుకుంటారు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు రాదనుకునేరు, అశ్రద్ధ చేస్తే దానికీ వస్తుంది. ఇప్పుడు నైట్రైడింగ్ అని ఇంకోటి. ఉక్కు పైపొరలోకే నత్రజని ఎక్కించి గట్టిపరుస్తారు. పూత కాదు కాబట్టి ఊడేదేమీ లేదు. ఇది నాకు నచ్చింది. నచ్చనిది కార్బన్ ఫైబర్ చుట్టిన గొట్టం. తేలిక, బిగువు, ఫొటోలో బాగుంటుంది, ధర వింటే గుండె ఝల్లుమంటుంది. లోపల సెగ తగిలేది మాత్రం అదే ఉక్కుకి.

ఇక వాట్సాప్ పండితులు. "కోనసముద్రం ఉక్కుతో ఖడ్గాలే కాదు, తుపాకి గొట్టాలు చేసి ప్రపంచాన్ని గెలిచాం" అని మా రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపులో నెలకోసారి తిరుగుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు నిజం, ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి అక్కడే మకాం వేసి ఉక్కు ముద్దలు కొనుక్కుపోవడం నిజం. డాక్టర్ వోయ్సీ అనే దొర అక్కడికి పోయి, కొలిముల్ని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. కానీ ఆ ఉక్కులో కార్బన్ నూటికి ఒకటిన్నర వంతు. కత్తి పదునుకి అది వరం, గొట్టానికి గండం. లోపల ఒత్తిడి పెరిగితే సాగదు, పగులుతుంది. రైఫిలు గొట్టానికి కావలసింది 0.4, 0.5 శాతం కార్బన్, కాస్త క్రోమియం, కాస్త మాలిబ్డినం. అప్పటి బందూకుల గొట్టాలు మెత్తటి ఇనప పట్టీని మెలి తిప్పి అతికి చేసినవి. ఇదంతా గ్రూపులో పెడితే ఇరవై మంది దండం బొమ్మ పెట్టారు. వచ్చే నెల మళ్లీ అదే మెసేజ్. మన పక్కన కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని అనే ప్రత్యేక ఉక్కుల కర్మాగారం ఉంది, దాని గురించి మటుకు ఒక్కడూ ఒక్క ముక్క ఫార్వర్డ్ చేయడు.

మా మనవడు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాడు. వారమంతా కోడింగ్, శనివారం రేంజి. వాడి దగ్గర సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ రైఫిలు, 2007లో వచ్చిన తూటా. కిలోమీటరు దూరంలో ఇనప పళ్లెం కొడతానంటాడు, కొట్టిన వీడియో పంపిస్తాడు, కాదనలేను. మొన్న ఫోన్లో, "తాతా, బ్యారల్ పోయింది, కొత్తది ఆర్డర్ చేసిన" అన్నాడు, కూరగాయలు తెచ్చినంత తేలిగ్గా.

"ఎన్ని రౌండ్లకు పోయిందిరా?"

"రెండు వేల మూడొందలు."

"మా త్రీనాట్‌త్రీ మూడు తరాలు నడిచిందిరా."

"మీరు కాల్చిందెక్కడ తాతా, తుడిచిందే ఎక్కువ. ఇక్కడ బ్యారల్ కన్స్యూమబుల్."

ఆ మొదటి మాటకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నిజం. కన్స్యూమబుల్ అన్న మాటకి మాత్రం ఉంది. వాడి తూటాలో మందు దాదాపు మా త్రీనాట్‌త్రీకి పట్టినంతే, ఇంకాస్త ఎక్కువ. కానీ మాది 7.7 మిల్లీమీటర్ల గొట్టం, వాడిది 6.5. అంత సెగా అంత సన్నటి సందులోంచి పోవాలి. గొంతు తొందరగా పోవడం న్యాయమే. రెండు మూడు వేలకి పోతుందని వాళ్ల లెక్కే. పాయింట్ టూటూ రైఫిల్లో మందు చిటికెడు, అందుకే దాని గొట్టం పదుల వేల రౌండ్లు దాటినా గురి తప్పదు. పెద్ద మ్యాగ్నమ్ తూటాల్లో గుప్పెడు, అవి వెయ్యిన్నరకే చేతులెత్తేస్తాయి. ఇదంతా వాడికీ తెలుసు. వాడికి పట్టనిది ఒక్కటే. పోటీలో తొంభై సెకన్లలో పది తూటాలు. సరే, అది పోటీ. ప్రాక్టీసులో కూడా అదే జోరు ఎందుకు? గొట్టం పైన ఎండమావి లేచి స్కోపులో టార్గెట్టు ఈదుతున్నా ఆపడట. రేంజి అద్దె గంటల లెక్కన కదా అంటాడు.

నాకు మాత్రం హిస్టరీ షీటు గుర్తొస్తుంది. మా దగ్గర ఒక్కో రైఫిలుకీ ఒక కాగితం, నంబరు, ఎప్పుడు ఎన్ని కాల్చారు, ఏం రిపేరు చేశారు, గేజు ఎంత చూపించింది. మీరు రాసుకుంటారా అని అడిగాను. వాడు నవ్వి, తన ఫైల్ ఒకటి పంపాడు. ఒప్పుకోవాలి, మా అట్టల రిజిస్టర్లు దాని ముందు దిగదుడుపు. రౌండ్ల లెక్క, మందు తూకం, తూటా వేగం, గ్రూపు ఎంత విప్పారింది, గాలి ఎటు, ఎండ ఎంత, ప్రతి వంద రౌండ్లకీ గొంతు ఎంత ముందుకి జరిగింది, అన్నీ ఉన్నాయి. తూటాకీ తూటాకీ మధ్య ఎంతసేపు ఆగాడన్న గడి మాత్రం లేదు. అది కూడా పెట్టరా, కొత్త బ్యారల్‌కైనా అది రాయి, రెండింటి ఆయుష్షు పోల్చి చూసుకో అన్నాను. సరేనని పెట్టాడు. వారానికి మళ్లీ ఫైలు వచ్చింది. కొత్త గడి ఉంది, పైన హెడ్డింగ్ "తాత" అని. కింద అన్నీ సున్నాలు.